రెండో కంటైనర్: చైనా నుంచి ఏరేటర్లు తెప్పించుకున్న నా అనుభవం

రొయ్యల చెరువుల్లో నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే ఏరేటర్ల భాగాలను చైనా నుంచి తెప్పించి, ఇక్కడ మోటార్లు బిగించి, భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు డీలర్లకు అమ్మడం నా వ్యాపారం. గోడౌను గాజువాక ఆటోనగర్‌లో ఉంది. 2024 అక్టోబరులో ఆర్డరు పెట్టిన నా రెండో కంటైనర్ 2025 ఫిబ్రవరి ఆఖరులో గోడౌనుకు చేరింది, దాని తాలూకు లెక్కలు మే నెల వచ్చినా ఇంకా పూర్తిగా తేలలేదు. ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు సరఫరాదారుణ్ణి ఎలా వెతకాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. దొరికిన సరఫరాదారు రెండోసారి ఏం పంపుతాడో చెప్పేవాళ్లు నాకైతే కనబడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి కంటైనర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2023 అక్టోబరులో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శన కాంటన్ ఫెయిర్‌కు వెళ్లాను. అప్పట్లో మన దేశం నుంచి చైనాకు నేరుగా విమానాలు లేవు కనుక విశాఖ నుంచి సింగపూర్ మీదుగా ప్రయాణం. స్టాల్ పెట్టిన ప్రతివాడూ తనదే ఫ్యాక్టరీ అంటాడు గాని, వ్యాపార లైసెన్సు అడిగి, దాని మీదున్న 18 అక్షరాల నమోదు కోడుతో కంపెనీ వివరాలు సరిచూస్తే సగం మంది దళారులేనని తేలింది. చివరికి జెజియాంగ్ ప్రావిన్సులోని తైజౌ దగ్గర ఒక ఫ్యాక్టరీని స్వయంగా చూసి, నమూనాలు తెప్పించి, భీమిలి దగ్గర తెలిసినవారి ఉప్పునీటి చెరువులో నడిపించి, తృప్తి కలిగాకే ఆర్డరిచ్చాను. 2024 వేసవి పంటకు వచ్చిన ఆ సరుకులో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. డీలర్లు మళ్లీ కావాలన్నారు.

మోటార్లు మాత్రం నేను అక్కడి నుంచి తెప్పించను. మూడు ఫేజుల ఇండక్షన్ మోటార్లకు ఐఎస్ 12615 ప్రకారం మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు తప్పనిసరి, ఆ లైసెన్సు తీసుకోవలసింది తయారు చేసే విదేశీ ఫ్యాక్టరీ. కోయంబత్తూరులో గుర్తున్న మోటార్లు దొరుకుతుండగా ఆ తలనొప్పి నాకెందుకు? నీటి మీద తేల్చే ఫ్లోట్లు, రెక్కల చక్రాలు, వాటిని తిప్పే కడ్డీలు అంటే షాఫ్టులు, గేరుబాక్సులు, ఫ్రేములు మాత్రమే తెప్పిస్తాను. ఈ నిర్ణయానికి కస్టమ్స్ దగ్గర వేరే మూల్యం చెల్లించాల్సి వచ్చింది, అది తర్వాత చెబుతాను.

2024 ఆగస్టులో భీమవరం దగ్గరి రైతు ఒకరు ఫోన్ చేశారు. మొదటి కంటైనర్‌తో వచ్చిన విడి గేరుబాక్సుల్లో ఒకటి ఆయన పాత ఏరేటర్‌కు బిగించుకున్నారు. "నడుస్తోందండి, సౌండేమీ లేదండి, కరెంటు కూడా తక్కువే లాగుతోంది. కానీ నీళ్లు మునుపటిలా లేవట్లేదండి, ఓసారి చూడండి" అన్నారు. గేరుబాక్సు తెప్పించి ఆటోనగర్‌లో మా మెకానిక్‌కు ఇచ్చాను. అతను మోటారు బిగించే వైపు షాఫ్టు మీద, రెక్కలు బిగించే వైపు షాఫ్టు మీద సుద్దముక్కతో చెరో గీత గీసి, మోటారు వైపుది చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాడు. రెక్కల వైపు గీత ఒక్క చుట్టు పూర్తి చేసుకుని మళ్లీ పైకి వచ్చేసరికి లెక్క పదహారైంది. నేను ఒప్పందం చేసుకున్నది పద్నాలుగుకు.

ఈ రెండు అంకెల తేడాతోనే తర్వాతి ఆరు నెలలు గడిచాయి కాబట్టి కొంచెం వివరిస్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది, పద్నాలుగో వంతుకు తగ్గిస్తే రెక్కలు నిమిషానికి 103 చుట్లు తిరుగుతాయి. తైవాన్ వంటి 60 హెర్ట్జ్ దేశాల్లో మోటారు వేగం ఎక్కువ కనుక అక్కడికి పదహారో వంతు గేరు వేస్తారు. అదే గేరు మన మోటారుకు తగిలిస్తే రెక్కలు 90 చుట్ల దగ్గరే ఆగుతాయి. బయటికి పెట్టె ఒకటే, రంగు ఒకటే, బోల్టు రంధ్రాలు ఒకటే. పైగా వేగం తగ్గితే మోటారు మీద భారం తగ్గి ఆంపియర్లు కూడా తక్కువే చూపిస్తాయి కాబట్టి కొన్నవాడు మంచి సరుకే వచ్చిందనుకుంటాడు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలిన రోజు గాని తేడా బయటపడదు.

ఫ్యాక్టరీకి రాశాను. అక్కడ నాతో మాట్లాడేది ఎగుమతి విభాగంలో పనిచేసే ఒక అమ్మాయి. చాలా మర్యాదస్తురాలు, అర్ధరాత్రి పెట్టిన మెసేజీకి కూడా జవాబిస్తుంది. స్టోర్‌లో పొరపాటున కలిసిపోయిందని, తర్వాతి ఆర్డరులో రెండు గేరుబాక్సులు ఉచితంగా ఇస్తామని రాసింది. ఒక్క పెట్టె విషయం కనుక నేనూ సాగదీయలేదు. కాకపోతే అక్టోబరులో రెండో ఆర్డరు ఒప్పందం రాసుకున్నప్పుడు గేరు నిష్పత్తి, షాఫ్టుకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఒక్కో ఫ్లోటు కనీస బరువు, ఆయిల్ సీలు, పళ్ల చక్రాల గట్టిదనం, ఇవన్నీ అంకెలతో సహా రాయించాను. సీలు వేసిన నమూనా ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి నా దగ్గర ఉండాలని, సరుకు తయారయ్యాక బయటి తనిఖీ సంస్థ చేసే తనిఖీలో నెగ్గితేనే మిగతా సొమ్ము పంపుతానని, ఓడితే రెండో తనిఖీ ఖర్చు వాళ్లదేనని చేర్చాను. అమ్మాయి రెండు రోజులు మౌనంగా ఉండి తర్వాత ముద్ర వేసి పంపింది.

ఆర్డరు 190 సెట్లు, 30 విడి గేరుబాక్సులు. మొత్తం విలువ నింగ్‌బో రేవు వరకు సుమారు 32,000 డాలర్లు. వాళ్ల అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు అయ్యాక, నెల మధ్యలో 30 శాతం అడ్వాన్సు పంపాను. అప్పుడు డాలరు 84 రూపాయల చిల్లర. బ్యాంకువాళ్లు ఇన్వాయిసు, ఎగుమతి దిగుమతులకు ఇచ్చే ఐఈసీ నంబరు తీసుకుని, అడ్వాన్సు పంపిన ఆర్నెల్లలోపు సరుకు వచ్చినట్టు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ దగ్గర వేసే దిగుమతి పత్రం, చూపాలని గుర్తుచేశారు. ఇది వాళ్లు పైపైన చెప్పే మాటే గాని తేలిగ్గా తీసుకోకూడదు. లెక్క తేలని పాత చెల్లింపులు పోగుపడితే కొత్త చెల్లింపు దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి.

ముప్పై అయిదు రోజుల్లో సరుకు సిద్ధమన్నారు. నవంబరు ఆఖరు దాటింది, డిసెంబరు రెండో వారం వచ్చింది. 2025లో చైనా కొత్త సంవత్సరం జనవరి 29న వచ్చింది. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఆ తేదీ మన సంక్రాంతి కంటే ముఖ్యం. పండుగకు రెండు వారాల ముందే పనివాళ్లు ఊళ్లకు వెళ్లడం మొదలుపెడతారు, తిరిగి ఫ్యాక్టరీ పూర్తిగా నడిచేసరికి ఫిబ్రవరి ఆఖరవుతుంది. మన వైపు వేసవి పంటకు సీడు, అంటే రొయ్య పిల్లలు, వేసేది సరిగ్గా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అంటే నాకు సరుకు కావలసిన రోజులూ, అక్కడ తాళం పడే రోజులూ ఒకటే. పండుగ ముందు హడావుడిలో బిగించిన సరుకు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే.

డిసెంబరు 16న తనిఖీ జరిగింది. ఒక తనిఖీ సంస్థ ద్వారా ఒక మనిషి ఒక రోజు ఫ్యాక్టరీకి వెళ్లి చూసి రావడానికి సుమారు 300 డాలర్లు అయింది. ఈ సంస్థలు ఐఎస్ఓ 2859-1 పట్టిక ప్రకారం నమూనాలు తీస్తాయి. 151 నుంచి 280 వరకు ఉన్న సరుకులో సాధారణ స్థాయి రెండు కింద 32 చూస్తారు, పెద్ద లోపాలకు 2.5 శాతం పరిమితి పెట్టుకుంటే రెండింటి వరకు ఒప్పుకొని మూడోది కనబడగానే సరుకు నెగ్గలేదని రాస్తారు. ఇక్కడ కొత్తవాళ్లకు తెలియని విషయం ఒకటుంది. మనం రాసివ్వనిది వాళ్లు చూడరు. వాళ్ల సొంత చెక్‌లిస్టులో రంగు, గీతలు, డబ్బా మీద అక్షరాలు, మొత్తం లెక్క, ఇలాంటివే ఉంటాయి. నేను పంపిన కాగితంలో గేరుబాక్సును చేత్తో తిప్పి చుట్లు లెక్కపెట్టాలని, ఫ్లోటును తూకం మీద పెట్టి ఫోటో తీయాలని, షాఫ్టు మీద మాంగనీసు పరీక్ష చుక్క వేయాలని, నమూనాలు ముందు వరుసలోంచి కాక వెనక ప్యాలెట్లలోంచి లాగాలని రాశాను.

షాఫ్టు సంగతి చెప్పాలి. 304 రకంలో నికెల్ దాదాపు 8 శాతం ఉంటుంది. చవకైన 201 రకంలో నికెల్ తగ్గించి ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. కొత్తగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి, అయస్కాంతం రెండింటికీ పెద్దగా అంటుకోదు కనుక బజారులో చేసే అయస్కాంతం పరీక్ష ఇక్కడ పనికిరాదు. ఉప్పునీళ్లలో పెడితే మాత్రం 201 కొన్ని నెలల్లోనే తుప్పు మరకలు చూపిస్తుంది. చిన్న సీసా ద్రావణం, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు. చుక్క వేసి బ్యాటరీ తాకిస్తే 201 మీద కొద్ది క్షణాల్లో ఎర్రబడుతుంది. ఆ సీసా నేను ఆటోనగర్‌లో కూడా ఉంచుకుంటాను.

మర్నాడు సాయంత్రం రిపోర్టు వచ్చింది, నలభై పేజీల ఫోటోలు. ముందు ఫ్లోట్ల ఫోటోలు చూసి ఊపిరి పీల్చుకున్నాను, తీసి చూసినవన్నీ బరువు సరిపోయాయి. గేరుబాక్సుల పేజీకి వచ్చేసరికి 32లో తొమ్మిది పదహారు చుట్లవి. షాఫ్టుల్లో అయిదింటి మీద చుక్క ఎర్రబడింది. ఒక ఫోటోలో తనిఖీ మనిషి చేతి తొడుగు, షాఫ్టు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక, పక్కన మా ఆర్డరు నంబరు రాసిన చీటీ స్పష్టంగా ఉన్నాయి. ఆ ఫోటో తర్వాత నాకు చాలా పనికొచ్చింది. అప్పుడు మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు. పంట మొదలయ్యేలోపు సరుకిస్తానని డీలర్ల దగ్గర అడ్వాన్సులు తీసుకుని ఉన్నాను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జవాబులు వరుసగా ఇలా ఉన్నాయి. మొదట, రెండు గేర్లూ ఒకేలా పనిచేస్తాయన్నారు. చుట్ల లెక్క రాసి పంపాక, 60 హెర్ట్జ్ ఆర్డరుకు చేసినవి కలిసిపోయాయన్నారు. షాఫ్టులు తాము చేయమని, బయట కొంటామని, ఆ మనిషి మోసం చేశాడని అన్నారు. తర్వాత అసలు మాట వచ్చింది: ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే ధరలో 3 శాతం తగ్గిస్తాం, ఓడ బుకింగు డిసెంబరు 27కు ఉంది, అది దాటితే పండుగ తర్వాతే.

3 శాతమంటే 960 డాలర్లు. నా డబ్బు అవసరం, డీలర్ల ఫోన్లు కలిసి ఆ రెండు రోజులు నాకు ఆ మాట చాలా న్యాయంగానే వినిపించింది. సరుకు తెచ్చేసుకుని తప్పు గేర్లు ఇక్కడే మార్చుకుందామా అని మెకానిక్‌ను అడిగాను. "పళ్ల చక్రాలు ఇక్కడ దొరకవు సార్, చేయించాలంటే పెట్టె ధర దాటిపోద్ది" అన్నాడు. ఎన్ని తప్పువో కూడా తెలియదు. 32లో తొమ్మిదంటే మొత్తంలో అరవై ఉండవచ్చు, డెబ్భై ఉండవచ్చు. ఒక్కో పెట్టె ఒక్కో రైతు చెరువులోకి వెళ్లిపోయాక వెనక్కి తెచ్చుకునే మార్గం లేదు. వద్దని రాశాను. మిగిలిన 70 శాతం నా దగ్గరే ఉంది కాబట్టి రాయగలిగాను. నగదు తగ్గింపు ఆశతో 50 శాతం అడ్వాన్సు ఇచ్చే మిత్రులున్నారు, ఈ పరిస్థితిలో వాళ్లేం రాసేవారో నేను ఊహించలేను.

వారం రోజుల బేరం తర్వాత కుదిరింది ఇది: గేరుబాక్సులన్నీ విప్పి చూసి పదహారువి తీసేసి పద్నాలుగువి పెట్టాలి, ప్రతి పెట్టెనూ తిప్పి లెక్కపెడుతున్న వీడియో పంపాలి, షాఫ్టులు కొత్తగా చేయడానికి పండుగలోపు వ్యవధి లేదు కనుక మొత్తం షాఫ్టులను ఆర్డరులోంచి తీసేసి ఆ ధర బిల్లులో తగ్గించాలి, రెండో తనిఖీ ఖర్చు వాళ్లు భరించాలి. 304 రాడ్లు కొని ఆటోనగర్ లేతు షాపుల్లో షాఫ్టులు తిప్పించుకున్నాను. వాళ్ల ధర కంటే ఎక్కువే అయింది, తేడా నా జేబులోంచే పోయింది. అయినా పని కళ్లెదుట జరిగింది, చుక్క వేసి చూసుకుని తీసుకున్నాను. వీడియోలు వచ్చిన పది రోజులూ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఎవరో ముఖం తెలియని కుర్రవాడు చలికోటు వేసుకుని గేరుబాక్సు తిప్పుతుంటే చుట్లు లెక్కపెట్టడమే నా పని.

జనవరి 7న రెండో తనిఖీలో సరుకు నెగ్గింది, 11న ఓడ నింగ్‌బోలో బయల్దేరింది. సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం, బీఎల్, దాని కాపీ నాకు 13న, భోగి రోజున వచ్చింది. ఇక్కడ సంక్రాంతి సెలవులు ముగిసి బ్యాంకు తెరవాలి, అక్కడ ఆఫీసు 20 తర్వాత మూతపడుతుంది, ఆలోగా డబ్బు అంది వాళ్లు బీఎల్ టెలెక్స్ రిలీజ్ చేయకపోతే, అంటే అసలు కాగితం లేకుండానే సరుకు నాకు ఇవ్వమని ఓడ కంపెనీకి చెప్పకపోతే, పండుగయ్యేదాకా సరుకు మీద నాకు హక్కు రాదు. ఆ సమయంలోనే బ్యాంకు ఖాతా మారిందని ఒక ఈమెయిల్ వచ్చింది. చిరునామాలో ఒక్క అక్షరం తేడా. వీడియో కాల్ చేసి ఆ అమ్మాయిని ఖాతా నంబరు చదవమన్నాను, పాతదే. ఎవరో మా ఉత్తరాలు చూస్తున్నారన్నమాట. చెల్లింపుకు ముందు ప్రతిసారీ గొంతు విని, ముఖం చూసి నంబరు సరిచూసుకోవడం నేను మొదటి ఆర్డరు నుంచీ పాటిస్తున్న పద్ధతి, ఈసారి అదే కాపాడింది.

17న డబ్బు పంపాను. డాలరు 86 రూపాయల 50 పైసలు దాటింది. అక్టోబరు రేటుతో పోలిస్తే ఒక్క మారకం మీదే 50 వేల వరకు అదనం. తనిఖీ గొడవ లేకపోతే డిసెంబరులోనే 85 దగ్గర పంపేసేవాణ్ణి. 22న రిలీజ్ వచ్చింది.

దారి మధ్యలో వేరే ఓడలోకి మారి కంటైనర్ ఫిబ్రవరి 12న విశాఖ కంటైనర్ టెర్మినల్‌కు చేరింది. ఓడ వచ్చే ముందు రోజులోపే బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5 వేలు, ఆపైన రోజుకు 10 వేలు రుసుము. మా క్లియరింగ్ ఏజెంటు ముందే వేశారు. ఇప్పుడు మదింపు ఏ ఊళ్లో ఏ అధికారి చేస్తారో మనకు తెలియదు, ప్రశ్న కంప్యూటర్లోనే వస్తుంది. మూడో రోజు వచ్చింది: మోటారు లేదు, షాఫ్టు లేదు, దీన్ని ఏరేటర్ అని ఎలా అంటారు, గేరుబాక్సులను, ప్లాస్టిక్ సామానును వేర్వేరుగా ఎందుకు చూపలేదు అని. అసంపూర్ణ యంత్రమైనా దాని ముఖ్య స్వరూపం ఉంటే యంత్రంగానే పరిగణించాలన్నది వర్గీకరణ సూత్రాల్లోనే, రెండో నిబంధనలోనే ఉంది. మోటారు లేకపోవడం మొదటి కంటైనర్‌కూ ఉన్నదే, అప్పుడెవరూ అడగలేదు. ఈసారి షాఫ్టులు కూడా లేకపోవడంతో అనుమానం బలపడింది. కేటలాగు, బిగింపు బొమ్మలు, పాత బిల్ ఆఫ్ ఎంట్రీ, షాఫ్టులు తగ్గించిన ఉత్తరాలు జతచేసి జవాబు పెట్టాం. నాలుగు రోజులకు ఒప్పుకున్నారు. కస్టమ్స్ సుంకం, దాని మీద 10 శాతం సర్‌చార్జి, అంతటి మీదా ఐజీఎస్టీ కట్టాను. ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా వస్తుంది గాని ఆ రోజు చేతిలోంచి వెళ్లే సొమ్ము సొమ్మే, ఈ లెక్క వేసుకోకుండా కంటైనర్ తెప్పించకూడదు.

అంతా అయిందనుకున్న రోజున ఏజెంటు మనిషి కంటైనర్లు విప్పే గోదాము, సీఎఫ్ఎస్ నుంచి ఫోన్ చేశాడు. "సార్, చెక్క పెట్టెల మీద ముద్ర లేదు సార్. ఆపేశారు." విదేశాల నుంచి వచ్చే చెక్క ప్యాకింగు మీద వేడితో శుద్ధి చేసినట్టు గోధుమ కంకి గుర్తు, దేశం కోడు, హెచ్‌టీ అక్షరాలు ఉన్న ముద్ర ఉండాలి. మా ప్యాలెట్ల మీద ఉంది. గేరుబాక్సులు విప్పి మళ్లీ సర్దినప్పుడు ఫ్యాక్టరీవాళ్లు అక్కడికక్కడ కొట్టిన కొత్త పెట్టెలు ఏడింటి మీద లేదు. అంటే తప్పు గేర్లు మార్పించిన పాపానికి ఈ పెట్టెలు వచ్చాయి. మొక్కల క్వారంటైన్ వాళ్లకు అర్జీ, ధూమశుద్ధి, మళ్లీ సర్టిఫికెట్, అయిదు రోజులు. ఆ ఖర్చు, సీఎఫ్ఎస్ అద్దె కలిసి 40 వేలు దాటింది. కంటైనర్ ఆలస్యంగా తిరిగిస్తే ఓడ కంపెనీ వేసే డిటెన్షన్ మాత్రం పడలేదు, బుకింగు నాడే 14 రోజుల ఉచిత గడువు రాయించుకున్నాం, ఫిబ్రవరి 25న పద్నాలుగో రోజు సాయంత్రం ఖాళీ కంటైనర్ తిరిగి అప్పజెప్పాం. ఆ గడువు అడిగితేనే ఇస్తారు, ఓడ కదిలాక అడిగితే ఇవ్వరు.

గోడౌనులో సరుకు దించాక గేరుబాక్సులన్నీ మళ్లీ తిప్పించాను. మెకానిక్, ఇద్దరు కుర్రవాళ్లు, రెండు రోజులు. ఒక్క పదహారుది కూడా దొరకలేదు. సంతోషించాను. తర్వాత ఫ్లోట్లు తూకం వేస్తుంటే పద్నాలుగు ఫ్లోట్లు రాసుకున్న దానికంటే కిలోకు పైగా తక్కువ తూగాయి. బరువు తగ్గితే గోడ మందం తగ్గినట్టే, ఎండకు పగుళ్లు త్వరగా వస్తాయి. మొదటి తనిఖీలో ఫ్లోట్లు సరిగానే ఉన్నాయి, రెండో తనిఖీలో గేర్ల మీదే దృష్టి పెట్టి ఫ్లోట్లను పైపైన చూశారు. ఆ మధ్యలో మారినవే ఇవి.

తూకం ఫోటోలు పంపాను. డిసెంబరులో ఇదే మనుషులు రాత్రీ పగలూ జవాబిచ్చారు. మార్చిలో మొదటి జవాబుకు తొమ్మిది రోజులు పట్టింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే అనిపించింది. తర్వాతి ఆర్డరులో సర్దుతామని రాసింది అమ్మాయి. నేను క్రెడిట్ నోటు, అంటే నాకు ఇంత బాకీ అని రాసిచ్చే పత్రం అడిగాను, తేదీతో, మొత్తంతో, ముద్రతో. ఏప్రిల్ మొదట్లో వచ్చింది, ఫ్లోట్ల ధర మాత్రమే, ధూమశుద్ధి ఖర్చు గురించి ఒక్క మాట లేదు. తక్కువ బరువువి విడిగా పెట్టి, విషయం చెప్పి, ధర తగ్గించి మా ఊరి వైపు చిన్న చేపల చెరువులవాళ్లకు ఇచ్చాను.

సరుకు ఆలస్యమైనా అమ్ముకోగలనన్న ధీమా 2025 ఏప్రిల్ 2తో పోయింది. అమెరికా మన సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించగానే ఇక్కడ రొయ్యల కొనుగోలుదారులు రేట్లు తగ్గించారు. వారం తిరిగేసరికి ఆ సుంకాన్ని 90 రోజులు వాయిదా వేసినా రైతుల్లో బెరుకు పోలేదు. కొత్త ఏరేటర్ కొనాల్సినవాళ్లు పాతదానికి సీలు మార్చుకుని సరిపెట్టుకున్నారు. 190 సెట్లలో మే నెల మొదటికి మూడో వంతు గోడౌనులోనే ఉన్నాయి. విడి గేరుబాక్సులు మాత్రం అయిపోయాయి.

అన్నీ కలిపి చూస్తే నేను వేసుకున్న అంచనా కంటే ఒక్కో సెట్టు మీద 900 రూపాయలకు పైగా అదనం పడింది. మారకం తేడా, షాఫ్టుల తేడా, క్వారంటైన్, గోడౌను కూలి, ఇవన్నీ ఉన్నాయి అందులో. తనిఖీకి నేను పెట్టిన 300 డాలర్లు సెట్టుకు 140 రూపాయలు కూడా కాలేదు.

మూడో ఆర్డరు ఎప్పుడని అమ్మాయి వారానికోసారి అడుగుతోంది. ఫ్యాక్టరీ మార్చమని మిత్రులు సలహా ఇస్తున్నారు గాని, మారిస్తే మళ్లీ నమూనా, మళ్లీ మొదటి కంటైనర్, మళ్లీ రెండోది. వీళ్ల లొసుగులు ఎక్కడుంటాయో నాకిప్పుడు తెలుసు. మే రెండో వారంలో కొత్త షరతులు పంపాను: రెండో తనిఖీ జరిగితే అది మొదటి తనిఖీలో చూసిన ప్రతి అంశాన్నీ తిరిగి చూడాలి, విప్పి సర్దిన ప్రతి చెక్క పెట్టెకు ముద్ర ఫోటో రావాలి, మిగతా సొమ్ములో 5 శాతం సరుకు నా గోడౌనులో తూకం అయ్యాక ముప్పై రోజులకు పంపుతాను. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు. మూడోదానికి 2 శాతమంటున్నారు, నేను 5 దగ్గరే ఉన్నాను. అక్టోబరు సెలవులలోపు తేలకపోతే ఈసారి ఆర్డరు వాళ్లకు ఉండదని రాశాను.